పాలలో మిగిలిన మందును వెలుగుతో పట్టడం: ఒక ప్రాజెక్టు డైరీ

జూన్, మొదటి వారం

మేం తయారు చేయాలనుకుంటున్నది ఒక చిన్న పెట్టె. ఊళ్లోని పాల కేంద్రంలో అందరి పాలూ ఒకే ట్యాంకులో కలవక ముందే, పశువుకు వేసిన ఆక్సీటెట్రాసైక్లిన్ (టెట్రాసైక్లిన్ కుటుంబపు యాంటీబయోటిక్) ఆ పాలలో మిగిలి ఉందో లేదో అక్కడికక్కడే చెప్పాలి. పలమనేరు చుట్టుపక్కల ఊళ్లలో ఒకటి రెండు సంకరజాతి ఆవులున్న ఇళ్లే ఎక్కువ. ఉదయం ఒక ఇంటి నుంచి నాలుగు లీటర్లు, ఇంకో ఇంటి నుంచి ఎనిమిది లీటర్లు కేంద్రానికి వస్తాయి. వెన్న శాతం చూస్తారు, తూకం వేస్తారు, ట్యాంకులో పోస్తారు. ఆ క్షణం దాటితే ఎవరి పాలు ఎవరివో చెప్పే దారి లేదు. డెయిరీలో ట్యాంకరు మొత్తాన్ని పరీక్షించి మందు ఉందని తేల్చినా, అప్పటికి ఒక ఇంటి పాలు నూరు ఇళ్ల పాలలో కలిసిపోయి ఉంటాయి. మందు వాడిన రైతుకు ఆ సంగతి తెలియనే తెలియదు. పరీక్ష జరగవలసిన చోటు ఆ ట్యాంకు ముందు అని నా నమ్మకం. ప్రాజెక్టు మొత్తం ఆ నమ్మకం మీదే నిలబడింది.

పాలలో మందు ఉంటే తోడు పడదని మన ఇళ్లలో చాలామందికి తెలుసు. పెరుగు బాక్టీరియా ఆ మందుకు చస్తుంది. డెయిరీ ల్యాబుల్లో వాడే డెల్వోటెస్ట్ వంటి పరీక్షలకూ ఆధారం ఇదే. జియోబాసిల్లస్ అనే వేడిని తట్టుకునే సూక్ష్మజీవిని పాలలో పెంచి, రంగు మారుతుందో లేదో చూస్తారు. సూక్ష్మజీవి పెరిగితే ఆమ్లం పుట్టి ఊదా రంగు పసుపుగా మారుతుంది. మందు ఉంటే ఊదాగానే నిలిచిపోతుంది. మంచి పరీక్షే, కానీ 64 డిగ్రీల వేడిలో రెండు మూడు గంటలు ఉంచాలి. ట్యాంకు మూత దగ్గర క్యాన్లు పట్టుకుని నిలబడిన మనుషులకు అంత తీరిక ఉండదు. పైగా ఆ సూక్ష్మజీవి పెన్సిలిన్ కుటుంబానికి బెదిరినంతగా టెట్రాసైక్లిన్లకు బెదరదు.

అందుకే టెట్రాసైక్లిన్లతో మొదలుపెట్టాం. ధర తక్కువ, పశువులకు వాడకం ఎక్కువ. వాటిని కాంతితో పట్టడానికి యాంటీబాడీ అక్కరలేదు, సూక్ష్మజీవి అక్కరలేదు, ఒక లోహ లవణం ఉంటే చాలు. కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాల సంస్థ), ఐరోపా సమాఖ్య రెండూ పాలకు పెట్టిన హద్దు సుమారు లీటరుకు 100 మైక్రోగ్రాములు. మా పెట్టె ఆ హద్దు దగ్గర తడబడకుండా ఉండాలి.

ఈ మందు చరిత్ర తెలుగువాళ్లకు దగ్గరిది. టెట్రాసైక్లిన్లలో మొదటిదైన ఆరియోమైసిన్‌ను 1948లో లెడర్లీ సంస్థ ప్రకటించింది. మట్టి నమూనాలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని తీసినవాడు బెంజమిన్ డగ్గర్. ఆ పరిశోధన విభాగాన్ని నడిపినవారు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే సంస్థలో కొద్దికాలానికే స్టోక్‌స్టాడ్, జూక్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు, ఆ మందు తయారీలో మిగిలిన పిప్పిని కోడిపిల్లలకు మేపితే అవి త్వరగా పెరుగుతున్నాయని గమనించారు. జబ్బు లేని పశువుకు మేతలో మందు కలిపే అలవాటుకు అది ఒక పెద్ద మొదలు. ప్రాణాలు నిలిపిన మందు పాలలో, గుడ్లలో, మాంసంలో వెతకవలసిన పదార్థంగా మారడానికి పెద్ద కాలమేమీ పట్టలేదు.

జూన్, మూడో వారం

ఈ రోజు మాకు కావలసిన లోహ లవణం, యూరోపియం క్లోరైడ్, వచ్చింది. చిన్న సీసా, అడుగున తెల్లని పలుకులు. పాత పిక్చర్ ట్యూబు టీవీల తెర మీద కనిపించిన ఎరుపు ఈ లోహానిదే.

యూరోపియం తనంత తానుగా కాంతిని పీల్చుకోవడంలో చాలా బలహీనం. టెట్రాసైక్లిన్ అణువు అతినీలలోహిత కాంతిని బాగా పీల్చుకుంటుంది. రెండూ అతుక్కుంటే, మందు పీల్చిన శక్తి లోహానికి అందుతుంది, లోహం దాన్ని 615 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం దగ్గర సన్నని ఎర్రని వెలుగుగా వదులుతుంది. అంటే మందు లేకపోతే ఎరుపు లేదు. యూరోపియం చుట్టూ నీటి అణువులు చేరితే ఆ శక్తి వెలుగుగా రాకుండా నీటి కంపనాల్లోకి జారిపోతుంది. లోహాలను పట్టుకునే ఈడీటీఏ అనే రసాయనం కలిపితే ఆ నీటి అణువులను చాలావరకు పక్కకు నెట్టి, లోహం చుట్టూ తానే కూర్చుంటుంది, మందుకు మాత్రం కొంచెం చోటు వదులుతుంది.

గది తలుపులు వేసి, కిటికీకి నల్ల గుడ్డ కట్టి, 395 నానోమీటర్ల టార్చితో చూశాం. ఒక సీసాలో బఫరు (ఆమ్లత మారకుండా ఉంచే ద్రావణం), యూరోపియం. రెండో సీసాలో అవే, వాటితో పాటు కాస్త ఆక్సీటెట్రాసైక్లిన్. మొదటిది టార్చి వెలుగులో మసకగా ఊదాగా ఉంది. రెండోది నిండా ఎర్రబడింది. పైన గాజుకు, ద్రవానికి మధ్య ఉండే వంపు దగ్గర ఎరుపు చిక్కగా, అడుగుకు పోయే కొద్దీ పలచగా కనిపించింది. ఎందుకంటే టార్చిని పై నుంచి పట్టుకున్నాం. పక్కనున్న తెల్ల కాగితం నీలంగా మెరిసింది. కాగితాన్ని తెల్లగా చూపించడానికి వేసే రసాయనాల పని అది. ఆ కాగితాన్ని వెంటనే గదిలోంచి తీసేశాం. పెట్టె లోపలి గోడలకు మామూలు కాగితం, తెల్ల ప్లాస్టిక్ వాడకూడదని ఆ రోజే నియమం రాసుకున్నాం.

నీళ్లలో ఇంత సులువుగా ఎరుపు కనిపించడం చూసి మా విద్యార్థులు ఉప్పొంగిపోయారు. వాళ్ల ఉత్సాహం ముచ్చటగానే ఉంది. కానీ ఈ రంగంలో వచ్చే ప్రకటనల్లో చాలా వాటికి నీళ్లలో వచ్చిన ఫలితమే ఆధారం. అసలు పని పాలలో ఉంది.

జులై

పాలు ఈ పరీక్షకు అన్ని వైపుల నుంచీ అడ్డమే. కొవ్వు బొట్లు, కేసిన్ అనే ప్రోటీన్ రేణువులు కాంతిని చెదరగొడతాయి. లీటరు ఆవు పాలలో సుమారు 1.2 గ్రాముల కాల్షియం ఉంటుంది, గేదె పాలలో ఇంకా ఎక్కువ. టెట్రాసైక్లిన్‌కు కాల్షియం అంటే మహా ఇష్టం. పిల్లల పళ్లకు ఈ మందు మచ్చలు తెచ్చేది, ఎముకల్లో పేరుకునేది ఆ ఇష్టం వల్లనే. పాలలోని ఫాస్ఫేట్ యూరోపియాన్ని లాక్కుని అవక్షేపంగా దింపేస్తుంది. వీటన్నిటికీ తోడు రైబోఫ్లేవిన్. విరిగిన పాల తేటలో కనిపించే లేత పచ్చ రంగు ఈ విటమిన్‌దే. అతినీలలోహిత కాంతి పడితే అది 525 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చగా వెలుగుతుంది. ఆ వెలుగు తోక 615 దాకా సాగి మన ఎరుపు మీద పడుతుంది.

పుస్తకాల్లో టెట్రాసైక్లిన్ వెలికితీతకు ఎక్కువగా చెప్పేది మెక్‌ఇల్వేన్ బఫరు. అందులో ఫాస్ఫేట్ ఉంది. చివర్లో ద్రవాన్ని యంత్రంలోకి పంపేవారికి దాంతో ఇబ్బంది లేదు, చివర్లో యూరోపియం కలిపే మాకు ఉంది. అందుకని సక్సినేట్ బఫరుతో మొదలుపెట్టాం.

నెలంతా కుస్తీ పట్టి కుదుర్చుకున్న పద్ధతి ఇది. పది మిల్లీలీటర్ల పాలు తీసుకుని చల్లబరిచి, సెంట్రిఫ్యూజులో తిప్పి, పైన తేలిన మీగడ తీసేయాలి. తరువాత ఈడీటీఏ కలిపిన సక్సినేట్, కొద్దిగా ట్రైక్లోరోఅసిటిక్ ఆమ్లం. పాలు విరిగి ప్రోటీన్ ముద్ద కడుతుంది. ఆమ్లం ప్రోటీన్ నుంచి మందును విడిపిస్తే, ఈడీటీఏ కాల్షియాన్ని పట్టుకుని మందును వదిలిస్తుంది. మళ్లీ తిప్పి, తేటను ఒక సిరంజితో మందును అంటించుకునే పొడి నింపిన చిన్న సీ18 గొట్టంలోంచి నెమ్మదిగా తోయాలి. గొట్టాన్ని ముందుగా మిథనాల్‌తో, ఆపైన నీటితో తడిపి ఉంచాలి. మందు గొట్టంలో అంటుకుంటుంది. ఉప్పులు, ఫాస్ఫేట్, చక్కెర నీళ్లతో కడిగేస్తే పోతాయి. చివర్లో ఒక మిల్లీలీటరు మిథనాల్ పోస్తే మందు దిగి వస్తుంది. పది మిల్లీలీటర్లలో ఉన్నది ఒక మిల్లీలీటరులోకి చేరింది కాబట్టి బలం కూడా పెరిగింది.

సిరంజి నొక్కే వేగం చాలా ముఖ్యం. బొట్టు బొట్టుగా పడాలి. ధారగా తోస్తే మందు గొట్టానికి అంటుకోకుండానే దాటిపోతుంది. మా విద్యార్థుల్లో ఒక అమ్మాయికి ఈ పని బాగా పట్టుబడింది. బొటనవేలితో నొక్కకుండా, సిరంజిని స్టాండుకు బిగించి పైన చిన్న బరువు పెట్టే ఏర్పాటు ఆమె ఆలోచనే. అప్పటి నుంచి ఎవరు చేసినా ఫలితాలు దగ్గర దగ్గరగా వస్తున్నాయి.

ఒక్క చిక్కు మిగిలింది. రైబోఫ్లేవిన్ కూడా సీ18కి కొంత అంటుకుంటుంది, మిథనాల్‌తో మందు వెంటే దిగుతుంది. దిగిన ద్రవం లేత పసుపుగా ఉంటుంది. రైబోఫ్లేవిన్ ఎండకు పాడవుతుంది కదా, ఎండలో పెడదామని ఒక సూచన వచ్చింది. ఆక్సీటెట్రాసైక్లిన్ కూడా వెలుతురుకు పాడవుతుంది కాబట్టి అది వద్దన్నాను. మా సీసాలన్నీ అల్యూమినియం రేకు చుట్టుకునే ఉంటాయి.

ఆగస్టు

ఆ పసుపు సంగతి రసాయనంతో తేలదు, సమయంతో తేలుతుంది. యూరోపియం ఎంచుకోవడంలో అసలు లాభం ఇక్కడే.

రైబోఫ్లేవిన్ వెలుగు, దీపం ఆరిన కొన్ని నానోసెకన్లలో ఆరిపోతుంది. యూరోపియం వెలుగు పదుల మైక్రోసెకన్లు నిలుస్తుంది, అంటే వేల రెట్లు ఎక్కువ సేపు. చప్పట్లు ఆగగానే చప్పుడు ఆగిపోతుంది, గుడి గంట మాత్రం కొట్టాక కూడా కాసేపు మోగుతూనే ఉంటుంది. మేం చేయవలసిందల్లా చప్పట్లు ఆగేదాకా చెవులు మూసుకుని ఆ తరువాత వినడం. ఎల్‌ఈడీని 100 మైక్రోసెకన్లు వెలిగించి ఆర్పడం, సుమారు 10 మైక్రోసెకన్లు ఆగడం, అప్పుడు వెలుగు కొలవడం. దీన్నే వేల సార్లు చేసి సగటు తీయడం.

తొలి నమూనాలో ఏఎస్7341 అనే స్పెక్ట్రల్ సెన్సారు ఉంది. ఎనిమిది రంగుల పట్టీలను కొలుస్తుంది, వాడటం తేలిక, ఏ రంగు ఎంత ఉందో చూసుకోవడానికి చాలా ఉపయోగపడింది. కానీ మన 615 దాని 590, 630 పట్టీల మధ్య పడుతుంది. పైగా మైక్రోసెకన్ల లెక్కలో ఆగి చూడటం దానికి చేతకాదు. దాన్ని అన్వేషణకు ఉంచుకుని, కొలతకు వెలుగును కరెంటుగా మార్చే బీపీడబ్ల్యూ34 ఫొటోడయోడ్‌కు మారాం. ముందు సన్నని 615 నానోమీటర్ల ఫిల్టరు, వెనుక సంకేతాన్ని పెంచే ఆప్-ఆంప్, ఆ వెనుక లెక్కలు చేసే చిన్న బోర్డు రాస్ప్‌బెర్రీ పై పికో. పికోలోని ఏడీసీ (సంకేతాన్ని అంకెలుగా మార్చే భాగం) సెకనుకు 5 లక్షల నమూనాలు తీస్తుంది, అంటే రెండు మైక్రోసెకన్లకు ఒకటి. మాకు అది సరిపోతుంది.

మా ఎలక్ట్రానిక్స్ లెక్చరర్ గారు ఎక్కువ రోజులు కూర్చున్నది ఆ ఆప్-ఆంప్ మీదే. వెలుగు బలహీనం కాబట్టి పెద్ద రెసిస్టరు పెట్టాలనిపిస్తుంది. 10 మెగాఓమ్‌ల రెసిస్టరుకు 10 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ తోడైతే స్పందన కాలం 100 మైక్రోసెకన్లు. అంటే మనం వినదలచిన నాదమంతా ఆ సర్క్యూటు మందకొడితనంలో కలిసిపోతుంది. ఆయన ఒక మెగాఓమ్‌కు దిగి, తగ్గిన బలాన్ని సగటులతో పూడ్చారు. నాకు ఆ నిర్ణయం చాలా నచ్చింది. వేగం పోతే ఏ లెక్కతోనూ తిరిగి రాదు, బలం తక్కువైతే ఓపికతో తెచ్చుకోవచ్చు.

ఎల్‌ఈడీ వెలిగి ఉన్నప్పుడు దాని కాంతి ఏమాత్రం డయోడ్ మీద పడినా సర్క్యూటు నిండిపోయి, తేరుకునేలోగా విలువైన మైక్రోసెకన్లు పోతాయి. అందుకే దీపాన్ని, డయోడ్‌ను లంబకోణంలో పెట్టాం. పెట్టె లోపల నిగారింపు లేని నల్ల రంగు పూశాం. ఆ రంగు కూడా అతినీలలోహితంలో మెరవదని టార్చితో చూసుకున్నాకే పూశాం.

మందు లేని పాల తేటకు యూరోపియం కలిపి చూస్తే, ఆగకుండా కొలిచినప్పుడు గీత పైన ఎక్కడో ఉంది. ఆగి కొలిచినప్పుడు దాదాపు నేలకు దిగింది. అదే తేటలో హద్దుకు సమానమైన మందు కలిపి తీసినది దాని పక్కనే స్పష్టంగా పైకి లేచింది. గ్రాఫు కాగితం మీద ఆ రెండు గీతల మధ్య ఖాళీని విద్యార్థులందరూ వేలితో తడిమి చూశారు.

సెప్టెంబరు

ఈ నెల పెట్టెను ముట్టుకోలేదు. మందు లేని పాలు సేకరించడమే పని.

బయటి నుంచి చూస్తే ఇది విసుగు పని. నా దృష్టిలో మొత్తం ప్రాజెక్టులో ఇదే కీలకం. పెట్టె "అనుమానం" అంటే ఒక ఇంటి ఆ పూట పాలు ఆగిపోతాయి. ఆ పాల డబ్బుతోనే దాణా కొనే ఇల్లది. మందు వాడని మనిషి మీద పెట్టె వేలు చూపితే, ఆ ఊళ్లో ఇక దాన్ని ఎవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. కాబట్టి మందు లేని పాలు ఎన్ని రకాలుగా ఉంటాయో ముందు మాకు తెలియాలి.

ఆవు పాలు, గేదె పాలు, పచ్చగడ్డి తిన్న పశువు పాలు, ఎండుగడ్డి మీదే ఉన్న పశువు పాలు, ఈనిన కొత్తలో పాలు, వట్టిపోయే ముందు పాలు అన్నీ తెచ్చాం. చికిత్స రికార్డు పశువైద్యుల దగ్గర రాసి ఉన్న పశువుల నుంచే తీసుకున్నాం. ఆవు పాల వెన్నలో కెరోటిన్ ఉంటుంది, గేదె పాలలో ఉండదు, అందుకే ఒకటి పసుపు, ఇంకొకటి తెలుపు. మీగడ తీసేశాక ఆ తేడా మా కొలతకు పెద్దగా అడ్డు రాలేదు. జున్నుపాలు మాత్రం వేరే లోకం. ప్రోటీన్ అంత చిక్కగా ఉన్నచోట మా పద్ధతి నడవదు. ఎటూ ఆ పాలు కేంద్రానికి రావు కాబట్టి, ఈనిన తొలి రోజుల పాలకు ఈ పెట్టె వాడకూడదని సూచనల్లో మొదటి వాక్యంగా రాశాం.

వేడి ఇంకో సంగతి. ద్రవం వేడెక్కితే యూరోపియం వెలుగు తగ్గుతుంది. తెల్లవారుజామున కొలిచినదానికి, మధ్యాహ్నం రేకుల షెడ్డులో కొలిచినదానికి పొంతన కుదరదు. అందుకని ప్రతి విడతలోనూ బలం తెలిసిన ఒక ప్రామాణిక గొట్టాన్ని నమూనాల పక్కనే పెట్టి, దానితో పోల్చే లెక్క వేస్తున్నాం.

ప్రతి నమూనానూ మూడు భాగాలు చేస్తున్నాం. ఒకదానికి యూరోపియం కలపం. రెండోదానికి కలుపుతాం. మూడోదానికి యూరోపియంతో పాటు తెలిసినంత మందు కూడా కలుపుతాం. మూడోదానిలో ఎరుపు పెరగవలసినంత పెరగలేదంటే, ఆ పాలలో ఏదో వెలుగును అణిచేస్తోందని అర్థం. అప్పుడు పెట్టె "ఉంది" అనదు, "లేదు" అనదు, "చెప్పలేను, ల్యాబుకు పంపండి" అంటుంది. రెండే జవాబులు ఉంటే బాగుంటుందని కొందరు అన్నారు. మూడో జవాబు లేని పరీక్ష, తెలియనప్పుడు కూడా ఏదో ఒకటి చెప్పి తీరుతుంది. అది నాకు సమ్మతం కాదు.

అక్టోబరు

ఇంతవరకూ మేం పరీక్షించినది చేత్తో మందు కలిపిన పాలు. పశువు ఒంట్లోంచి వచ్చిన మందు అలా ఉండాలని లేదు. రక్తం నుంచి పొదుగులోకి చేరి, కేసిన్‌తో, కాల్షియంతో పెనవేసుకుని గంటల తరబడి ఉన్న మందును తీయడం, అప్పుడే కలిపినదాన్ని తీయడమంత తేలిక కాదు. అసలైన నమూనా కావాలి. కానీ మా పరీక్ష కోసం ఆరోగ్యంగా ఉన్న ఆవుకు సూది వేయించే ప్రశ్నే లేదు.

పక్క ఊరి పశువైద్యులు కబురు చేశారు. ఒక ఆవుకు పిడుదుల వల్ల అనాప్లాస్మోసిస్ జ్వరం వచ్చింది, చికిత్సగా ఆక్సీటెట్రాసైక్లిన్ వేస్తున్నారు. ఎటూ ఆ పాలు పారబోయాల్సిందే. ఆవు యజమానురాలు అరవై దాటిన పెద్దావిడ. ప్రతి పితుకులోనూ కొన్ని పాలు మాకిస్తానంది.

"ఈ మందు సూదిలోంచి కండలోకి పోతుంది కదా నాయనా, పాలలోకి ఎట్లా వస్తుంది?" అని అడిగింది.

"రక్తంలో కలిసి ఒళ్లంతా తిరుగుతుంది పెద్దమ్మా. పొదుగుకు వచ్చేదీ ఆ రక్తమే కదా."

"మరి కాచితే పోదా?"

"కొంత తగ్గుతుంది. పూర్తిగా పోదు."

ఆమె కాసేపు ఆలోచించి దూడ వైపు చూసింది. "పారబోయడం ఎందుకని దీనికి తాగిద్దామనుకున్నాను" అంది. వద్దని డాక్టర్ గారు గట్టిగా చెప్పారు. కొద్దికొద్దిగా మందు తాగిన దూడ పేగుల్లో, ఆ మందుకు చావని బాక్టీరియాయే మిగిలి పెరుగుతుంది. అది పేడతో బయటికి వస్తుంది, ఎరువుతో పొలానికి చేరుతుంది. మందు అవశేషాల గురించి మాట్లాడేటప్పుడు అందరూ మనిషి గ్లాసు దగ్గర ఆగిపోతారు. దూడ దగ్గరా, పేడకుప్ప దగ్గరా జరిగేది కూడా అంతే ముఖ్యం.

లేబుల్ మీద గడువు రాసి లేకపోతే, మన దేశంలో 2012లో తెచ్చిన నియమం ప్రకారం పాలకు, గుడ్లకు కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు ఆగాలి. చేపలకు 500 డిగ్రీ-రోజులు, అంటే నీళ్లు 25 డిగ్రీలుంటే 20 రోజులు. ఈ లెక్కను పెద్దావిడకు డాక్టర్ గారు మళ్లీ చెప్పి, పశువుల పాక గోడ మీద సుద్దముక్కతో తేదీ రాశారు.

నమూనాలన్నీ రేకు చుట్టి గడ్డకట్టించి తెచ్చాం. మొదటి రోజు పాల తేట, యూరోపియం కలపగానే కంటికే ఎర్రగా కనిపించింది, పెట్టె అవసరమే లేకపోయింది. రోజులు గడిచే కొద్దీ గీత దిగుతూ వచ్చింది. ఏడు రోజుల గడువు తీరేసరికి మందు లేని పాలకూ దానికీ తేడా కనిపించలేదు. అవే నమూనాల్లో సగం గుర్తింపు పొందిన ఒక ల్యాబుకు ఎల్‌సీ-ఎమ్‌ఎస్ అనే కచ్చితమైన యంత్ర పరీక్షకు పంపాం. వాళ్ల వరుసా మా వరుసా ఒకేలా దిగాయి. తొలి రోజుల నమూనాలకు మాత్రం మా అంకెలు వాళ్ల అంకెల కంటే తక్కువగా వచ్చాయి. అసలు పాలలోంచి మందు పూర్తిగా విడివడటం లేదన్నమాట. ఆమ్లం కలిపాక ఇంకొంచెం సేపు కుదిపి చూస్తే ఆ తేడా తగ్గింది. హద్దు కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ ఉన్నచోట ఈ తేడా తీర్పును మార్చదు, హద్దు దగ్గర మారుస్తుంది. అందుకే ఇక మీదట కుదిపే సమయం పద్ధతిలో భాగం.

నవంబరు

ఏ అంకె దాటితే "అనుమానం" అనాలి, అంటే గీత ఎక్కడ గీయాలన్న చర్చ ఈ నెల ముగిసింది. స్క్రీనింగ్ పరీక్షలకు ఐరోపా పద్ధతిలో ఒక స్పష్టమైన నియమం ఉంది. హద్దు దగ్గర మందు ఉన్న నమూనాల్లో నూటికి 5కు మించి జారిపోకూడదు. అంటే కనీసం 95 పట్టుబడాలి. ఆ షరతు తీరేలా, మందు లేని పాల గుంపుకు తగినంత పైన గీత గీశాం. పట్టుబడిన ప్రతి నమూనానూ ల్యాబుకు పంపాల్సిందే. మా పెట్టె చెప్పేది అనుమానం వరకే.

ఈ పెట్టెను "యాంటీబయోటిక్ డిటెక్టర్" అని పిలవొద్దని అందరికీ గట్టిగా చెబుతున్నాను. ఇది చూసేది టెట్రాసైక్లిన్ కుటుంబాన్నే. పొదుగువాపుకు రొమ్ము రంధ్రంలోంచి ఎక్కించే ట్యూబు మందుల్లో ఎక్కువగా ఉండేవి పెన్సిలిన్, సెఫలోస్పోరిన్ కుటుంబాలవి. అవి యూరోపియాన్ని వెలిగించవు. పెన్సిలిన్‌కు ఐరోపా హద్దు కిలోకు 4 మైక్రోగ్రాములే. "టెట్రాసైక్లిన్ లేదు" అన్న జవాబును "మందు లేదు" అని ఎవరైనా అర్థం చేసుకుంటే, పరీక్ష లేనప్పటి కంటే ఎక్కువ నష్టం.

పెన్సిలిన్ వైపుకు అదే పెట్టెలో రెండో అర పెడుతున్నాం. బజారులో దొరికే స్ట్రిప్పుల మీద ఎర్రగా కనిపించే గీతలు బంగారు నానోరేణువులవి. అవి 520 నానోమీటర్ల దగ్గర ఆకుపచ్చ కాంతిని పీల్చుకుంటాయి కాబట్టి ఆకుపచ్చ ఎల్‌ఈడీతో ఆ గీత చిక్కదనాన్ని కొలవవచ్చు. ఈ స్ట్రిప్పుల్లో మందు ఉంటే గీత పలచబడుతుంది, లేకపోతే చిక్కగా ఉంటుంది. మసక వెలుతురులో, రోజుకొక మనిషి, కళ్లతో చూసి చెప్పే తీర్పుకు బదులు రెండు గీతల నిష్పత్తి అంకెగా వస్తే తగాదాలు తగ్గుతాయి. దీని అచ్చు ప్రస్తుతం మా లెక్చరర్ గారి బల్ల మీద ఉంది.

దేశవ్యాప్తంగా 2018లో ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ చేయించిన పాల సర్వేలో 6,432 నమూనాలకు గాను 77లో యాంటీబయోటిక్ అవశేషాలు హద్దు దాటాయి. నూటికి ఒకటి కంటే కాస్త ఎక్కువ. ఆ అంకె చూసి సమస్య చిన్నదని కొందరంటారు. ఒక కేంద్రానికి ఉదయం నూరు క్యాన్లు వస్తే, అదే లెక్కన వాటిలో ఒకటి అలాంటిది కావచ్చు. ఆ ఒక్కదాన్ని పట్టుకోవడమే మా పని. మిగిలినవాటి మీద తప్పుడు మాట రాకుండా చూడటం కూడా.

పక్క ఊరి పాల కేంద్రం వాళ్లు వచ్చే నెల నుంచి పెట్టెను అక్కడ ఉంచడానికి ఒప్పుకున్నారు. మేం పెట్టిన షరతులు రెండు. ప్రయోగ కాలంలో పెట్టె మాట మీద ఎవరి డబ్బూ కోయకూడదు. అనుమానం వస్తే మొదటి కబురు పశువైద్యులకు, రైతుకు వెళ్లాలి, నోటీసు బోర్డుకు కాదు. సిరంజి పని, తిప్పే పని కలిపి ఒక నమూనాకు ఇప్పటికీ అరగంట దాటుతోంది. క్యాన్ల వరుసకు అది చాలా ఎక్కువ. అందుకని మొదట రోజూ కొన్ని ఇళ్ల పాలను వంతులవారీగా చూస్తాం. డాక్టర్ గారు మందు వేసినట్టు రాసుకున్న ఇళ్ల పాలను, గడువు ముగిసిన మర్నాడు తప్పక చూస్తాం. కరెంటు లేకపోయినా తిరిగేలా చేత్తో తిప్పే చిన్న సెంట్రిఫ్యూజు ఒకటి విద్యార్థులు తయారు చేస్తున్నారు. మూత బిగింపు ఇంకా కుదరాలి.